సొంత గొంతు లేకపోతేనేం... సొంత డైలాగుంది!

హాలు నిండా జనం. తెర మీద హీరో, విలన్ ఎదురెదురుగా నిలబడ్డారు. పేలబోయే డైలాగు కోసం నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. హీరో నోరు తెరిచాడు. పెదాలు కదులుతున్నాయి. కానీ మాట మాత్రం వినపడటం లేదు!

అంతే... హాలు హాలంతా గోల! ఈలలు, బల్లల మీద దరువులు. "సౌండ్! సౌండ్! ఒరేయ్ ఆపరేటరూ, నిద్రపోతున్నావా?" అంటూ కేకలు.

బెజవాడ హాళ్ళలో సినిమాలు చూసి పెరిగిన వాళ్ళెవరికీ ఈ ముచ్చట కొత్త కాదు. పట్టుమని రెండు నిమిషాలు మాట వినపడకపోతే మనం ఓర్చుకోలేం. మరి బతుకంతా సౌండు ఆగిపోయిన మనుషుల సంగతేమిటి? లోపల రీళ్ళకి రీళ్ళు మాటలుండి, ఒక్కటీ పెదవి దాటని వాళ్ళ సంగతేమిటి?

ఇది వాళ్ళ కథ. వాళ్ళకి గొంతు అరువిచ్చే బోర్డుల కథ, యంత్రాల కథ. సినిమా పత్రికలో ఈ గొడవెందుకంటారా? ఒకరి మాటకి ఇంకొకరి గొంతు అరువివ్వటం సినిమా వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు చెప్పండి!

తెర పక్కన పెద్దమనిషి

1921లో పోతిన శ్రీనివాసరావు గారు బెజవాడలో మారుతీ సినిమా హాలు కట్టారు. అప్పటికింకా సినిమాకి నోరు రాలేదు. అన్నీ మూకీలే. ఆ రోజుల్లో తెర పక్కన ఒక పెద్దమనిషి నిలబడి జనానికి కథ చెబుతుండేవాడు. తెర మీద ఒకావిడ ఏడుస్తోందంటే అది మొగుడి కోసమా, బిడ్డ కోసమా అన్నది ఆయన నోటి చలవే. ఆయన ఒక మాట ఎక్కువ చెప్పినా, ఒక మాట మింగేసినా అడిగే నాథుడు లేడు. పాపం, తెర మీద బొమ్మ "కాదు బాబూ, నేనన్నది అది కాదు" అనలేదు కదా!

1932లో హెచ్.ఎమ్. రెడ్డి గారి 'భక్త ప్రహ్లాద' వచ్చింది. తెలుగు బొమ్మ తన మాట తనే చెప్పుకోవటం మొదలెట్టింది. తెర పక్కన పెద్దమనిషికి పని పోయింది.

కానీ మిత్రులారా, మాట పోయిన మనిషి ఉన్న ఇళ్ళలో ఆ పెద్దమనిషి ఇప్పటికీ ఉద్యోగం చేస్తూనే ఉన్నాడు. అమ్మ కావచ్చు, భార్య కావచ్చు, కొడుకు కావచ్చు. "ఆయనకి ఆకలేస్తోందంట", "దానికి ఆ చీర నచ్చలేదంట" అని మనకి చెబుతుంటారు. ప్రేమతోనే చెబుతారు, కాదనను. కానీ అది ఆ మనిషి మాటా, వీళ్ళ ఊహా?

ఆ పెద్దమనిషి ఉద్యోగం నేనూ చేశాను. ఎలా చేశానో చెబుతాను, వినండి.

ఆపరేటర్ గారి మౌనం

మా పెదనాన్న వయసులో ఉన్నప్పుడు దివిసీమలో టూరింగ్ టాకీసు ఆపరేటరు. డేరా హాలు, ఒకటే ప్రొజెక్టరు, రీలు రీలుకీ మధ్య లైట్లు వేసి ఆగాల్సిందే. సౌండు కాస్త గరగరమంటే అన్నం తినేవాడు కాదట. అంత పట్టింపు.

2022 సంక్రాంతి వెళ్ళిన నెలకి ఆయనకి పక్షవాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ పడిపోయాయి. నాలుక తిరగటం మానేసింది. మతి మాత్రం చెక్కు చెదరలేదు. చెప్పింది అర్థమవుతుంది, పేపరు ముందు పెడితే చదువుతాడు. మాటే లేదు. ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపేటప్పుడు ఏ మాత్ర ఎప్పుడు వేయాలో రాసిచ్చారు, కాళ్ళకి ఏ వ్యాయామం చేయించాలో చెప్పారు. ఈయన ఇక మాట్లాడటం ఎలా అన్నది మాత్రం వాళ్ళూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

సినిమా పిచ్చి మనిషి కదా అని మంచం ఎదురుగా టీవీ పెట్టాం. పొద్దున లేచింది మొదలు పాత పాటలే. కాసేపటికి పెదనాన్న గొంతులోంచి మూలుగులాంటిది వచ్చేది. "చూశారా, పాట నచ్చింది!" అనేవాణ్ణి నేను. వెంటనే ఎవరో ఒకరు సౌండు ఇంకాస్త పెంచేవాళ్ళు. ఆయన ఇంకా గట్టిగా మూలిగేవాడు. మేం ఇంకాస్త పెంచేవాళ్ళం!

ఇలా రెండు నెలలు గడిచాయి.

మా అన్నయ్య కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి. అదెక్కడ చూసిందో గానీ ఒకరోజు అట్టపెట్టె చింపి, దాని మీద స్కెచ్ పెన్నుతో అక్షరాలు రాసుకుని వచ్చింది. "తాతయ్యా, నేను వరసలు చూపిస్తాను. నీక్కావలసిన వరస రాగానే రెప్ప కొట్టు. తరవాత ఆ వరసలో అక్షరాలు చూపిస్తాను. మళ్ళీ కొట్టు" అంది.

పావుగంట పట్టింది. పెదనాన్న రెండు నెలల తరవాత చెప్పిన మొట్టమొదటి డైలాగు ఏమిటో తెలుసా?

"సౌండు తగ్గించు."

మంచినీళ్ళు కాదు, మందు కాదు, దేవుడూ కాదు! జీవితమంతా సౌండు సరిచేసిన మనిషి చెవిలో రెండు నెలలు గరగరలు పోశాం. పైగా ఆయనకి నచ్చిందని ఊరంతా చెప్పుకున్నాం. ఆ రోజు ఇంట్లో అందరం నవ్వాం. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రెండు నెలల్లో ఆయన ఇంకేమేం చెప్పబోయాడో, మేం దానికి ఇంకేమేం అర్థాలు చెప్పేశామో ఎవరికి తెలుసు?

మన అక్షరాలకి ఎవరు బోర్డు కట్టారో!

ఆ అట్టముక్కలో విశేషమేమిటంటే, మన అక్షరమాల అలాంటి పనికోసమే పుట్టినట్టుంటుంది. మొదటి వరస అ నుంచి ఔ దాకా, చివర సున్నా. తరవాత క వరస, చ వరస, ట వరస, త వరస, ప వరస. అయిదు వరసలు, వరసకి అయిదు అక్షరాలు! చిన్నప్పుడు పలక మీద దిద్దినవే. ఆఖరు వరసలో య ర ల వ శ ష స హ ళ. మొత్తం ఏడు వరసలు. ఏ అక్షరం ఏ వరసలో ఉందో తెలుగు చదువుకున్న ప్రతివాడికీ కళ్ళు మూసుకున్నా తెలుసు. కొత్తగా నేర్చుకునే పని లేదు.

మరి గుణింతాలో? దానికీ మా పిల్ల ఉపాయం కనిపెట్టింది. 'స' చూపించి వెంటనే మొదటి వరసలో 'ఔ' చూపిస్తే 'సౌ'. 'డ' తరవాత 'ఉ' చూపిస్తే 'డు'. ఒత్తు కావాలంటే అదే అక్షరం రెండోసారి. అలా 'సౌండు' అనే మాటకి అయిదు అక్షరాలు చూపించాలి, 'తగ్గించు'కి ఏడు. వరసకొక రెప్పపాటు, అక్షరానికొక రెప్పపాటు. లెక్క వేసుకోండి... పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు. ఆ డైలాగు ఖరీదు ఇరవై నాలుగు రెప్పపాట్లన్న మాట!

ఇలాంటి రెప్పపాట్లతో ఏకంగా పుస్తకమే చెప్పి రాయించిన మనిషి ఉన్నాడు. ఫ్రాన్సులో 'ఎల్' అనే ప్రసిద్ధ పత్రిక సంపాదకుడు జాఁ డొమినిక్ బోబీ. 1995 డిసెంబరులో నలభై మూడేళ్ళ వయసులో మెదడుకి దెబ్బ తగిలి ఒళ్ళంతా చచ్చుబడింది. మిగిలింది ఎడమ కంటి రెప్ప ఒక్కటే. ఫ్రెంచి భాషలో ఎక్కువగా వాడే అక్షరాలు ముందు వచ్చేలా వరస మార్చి ఒకావిడ చదువుతూ ఉంటే, కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప వాల్చేవాడు. అలా పుస్తకం పూర్తయి 1997 మార్చిలో అచ్చయింది. అది వెలువడిన కొద్ది రోజులకే ఆయన కన్నుమూశాడు. ఆ కథని జూలియన్ ష్నాబెల్ 'ది డైవింగ్ బెల్ అండ్ ద బటర్ ఫ్లై' పేరుతో సినిమా తీసి 2007లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి కొట్టేశాడు. దొరికితే తప్పక చూడండి.

సుభాషిణి చేతిలో ఫోనుంటే?

అట్టముక్క బోర్డు మంచిదే. కానీ దానికో చిక్కుంది. ఎదుటివాడికి కళ్ళుండాలి, దగ్గరే కూర్చోవాలి. ఎదుటివాడు చూపులేని వాడైతే?

ఈ చిక్కు మీద మనవాళ్ళు ఎప్పుడో సినిమా తీశారు. అవును, 'సిరివెన్నెల'! 1986లో వచ్చిన ఆ చిత్రంలో హరిప్రసాద్ చూపులేని వేణుగాన విద్వాంసుడు. సుభాషిణి మాటరాని చిత్రకారిణి. ఆమె రాసి చూపిస్తే అతను చదవలేడు. సైగ చేస్తే చూడలేడు. ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఇంకో మనిషి ఉండాల్సిందే. పేరు మాత్రం సుభాషిణి, అంటే చక్కగా మాట్లాడేదని అర్థం!

ఆ కథ తీసిన కె. విశ్వనాథ్ గారు మన కృష్ణ డెల్టా బిడ్డ, 1930లో రేపల్లెలో పుట్టారు. దర్శకుడు కాకముందు ఆయన మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండు విభాగంలో పనిచేశారు. ఇతరుల గొంతుల్ని రికార్డు చేసిన చేతులతోనే గొంతులేని కథానాయికల్ని సృష్టించారు. 1976లో 'సిరిసిరిమువ్వ'లో జయప్రద చేసిన కథానాయిక కూడా మాటరాని పిల్లే. ఆమె పక్కన సాంబయ్యగా నటించిన చంద్రమోహన్ గారిది కృష్ణా జిల్లా పమిడిముక్కల. ఆ పిల్లకి మువ్వలు మాటలైతే సుభాషిణికి రంగులు మాటలయ్యాయి.

ఇవాళ సుభాషిణి చేతిలో మామూలు ఆండ్రాయిడ్ ఫోను ఉందనుకోండి. ఆమె తెలుగులో టైపు చేస్తుంది, ఫోను పైకి చదువుతుంది, హరిప్రసాద్ వింటాడు. మధ్యలో ఎవరూ అక్కర్లేదు. కథ అక్కడే మలుపు తిరిగిపోదూ!

కనుబొమ్మ నుంచి కంప్యూటరు దాకా

ఇలాంటి యంత్రంతో ప్రపంచాన్ని ఆకట్టుకున్న మనిషి స్టీఫెన్ హాకింగ్. ఆయన మీద వచ్చిన 'ది థియరీ ఆఫ్ ఎవ్రీథింగ్'లో నటించి ఎడ్డీ రెడ్ మేన్ ఆస్కారు గెలుచుకున్నాడు. హాకింగ్‌కి ఇరవై ఒకటో ఏటనే కండరాలు క్షీణించే జబ్బు బయటపడింది. 1985లో జెనీవా వెళ్ళినప్పుడు న్యుమోనియా వచ్చి, ఊపిరి కోసం గొంతుకి రంధ్రం చేయాల్సి రావటంతో మిగిలిన కాస్త మాట కూడా పోయింది. మొదట్లో ఆయనా మా పెదనాన్న లాగే! ఎవరో అక్షరాల కార్డు చూపిస్తుంటే, సరైన అక్షరం రాగానే కనుబొమ్మ ఎగరేసేవాడు. తరవాత వాల్ట్ వోల్టోస్ అనే అమెరికన్ నిపుణుడు ఒక కంప్యూటరు ప్రోగ్రాం పంపాడు. తెర మీద మాటలు కదులుతుంటే చేతిలో మీట నొక్కి ఎంచుకోవటం, యంత్రం దాన్ని పలకటం. చేతి వేళ్ళు కూడా పడిపోయాక చెంప కండరం కదలికతోనే ఆ పని చేశాడు. 2018లో పోయేదాకా అలాగే పాఠాలు చెప్పాడు, జోకులు వేశాడు.

అదంతా దొరల సంగతి అంటారేమో. మన తెలుగు సినిమా పెరిగి పెద్దయిన మద్రాసులోనే అజిత్ నారాయణన్ అనే ఇంజనీరు 'ఆవాజ్' అనే యంత్రం తయారుచేశాడు. అక్షరాలు రాని చిన్నపిల్లలు కూడా బొమ్మ తాకితే చాలు, అది మాటై పలుకుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకి, ఆటిజం ఉండి మాటరాని పిల్లలకి అదొక వరం. 2011లో అమెరికాలోని ఎం.ఐ.టి. వారి 'టెక్నాలజీ రివ్యూ' పత్రిక ముప్పై అయిదేళ్ళలోపు మేటి ఆవిష్కర్తల జాబితాలో ఆయనకి చోటిచ్చింది. తరవాత ఆ యంత్రం ట్యాబ్లెట్లలో నడిచే యాప్ అయింది.

కేన్సరు వల్ల గొంతుపెట్టె తీసేసిన వాళ్ళకి ఇంకో దారుంది. గాలి గొట్టానికీ ఆహార నాళానికీ మధ్య చిన్న బుడిపెలాంటిది అమరిస్తే మళ్ళీ మాట పలుకుతుంది. దిగుమతి సరుకు వేల రూపాయలు. బెంగుళూరు డాక్టరు విశాల్ రావు గారు 'ఓం' పేరుతో అదే పనిచేసే దాన్ని 50 రూపాయలకి తయారుచేసి చూపించారు.

ఇక హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో వినీత్ గాంధీ గారి బృందం 2024లో ప్రకటించిన పరిశోధన వింటే సినిమా కథలా ఉంటుంది. డాక్టర్ల స్టెతస్కోపు చెవి వెనకాల చర్మానికి ఆనిస్తారు. మనిషి పైకి వినపడనంత మెల్లగా గొణిగితే చాలు, ఆ కంపనాల్ని కంప్యూటరు స్పష్టమైన మాటగా మార్చి వినిపిస్తుంది!

హీరోయిన్ గొంతు పెట్టారేంట్రా!

పెదనాన్నకి క్రమంగా ఎడమ చెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది. ఒక వేలితో ఫోను నొక్కగలిగాడు. తెలుగులో టైపు చెయ్యగానే అది ఆడగొంతుతో చదివింది. పెదనాన్న కాసేపు విని, కష్టపడి ఇంకో వాక్యం కొట్టాడు. ఫోను తీయగా పలికింది: "ఒరే అబ్బాయ్, నాకు హీరోయిన్ డబ్బింగ్ పెట్టారేంట్రా!"

నవ్వులాటకన్నా, ఆయన పట్టుకున్నది అసలు పాయింటు. గొంతంటే మనిషి ముఖం లాంటిది. హాకింగ్‌కి తరవాత మెరుగైన గొంతులిస్తామన్నా ఒప్పుకోలేదు. ఆ మరమనిషి గొంతే, అమెరికన్ యాసతో సహా, తనదైపోయిందన్నాడు. అమెరికాలో పేరుమోసిన సినిమా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ కేన్సరు వల్ల 2006లో మాట పోగొట్టుకున్నాడు. అదృష్టం చూడండి, 'సిటిజన్ కేన్' లాంటి పాత సినిమాల డీవీడీల మీద ఆయన వ్యాఖ్యానం రికార్డై ఉంది! స్కాట్లండులోని సెరెప్రాక్ అనే కంపెనీ ఆ టేపుల్లోంచే ఆయన గొంతు పోలికతో కంప్యూటరు గొంతు తయారుచేసి 2010లో ఇచ్చింది. అంటే, సినిమాల మీద ప్రేమే ఆయన గొంతుని దాచిపెట్టి తిరిగిచ్చిందన్న మాట. 'టాప్ గన్: మావెరిక్' (2022) చూసినవాళ్ళకి వాల్ కిల్మర్ గుర్తుండే ఉంటాడు. గొంతు కేన్సరుతో మాట దెబ్బతిన్న ఆ నటుడి పాత్ర కూడా కంప్యూటరు మీద టైపు చేసే మాట్లాడుతుంది. 2021లో సొనాంటిక్ అనే కంపెనీ పాత రికార్డింగులతో ఆయన గొంతుకీ ప్రతిరూపం కట్టింది. 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశాడు.

అయితే ఈ విద్యకి రెండో వైపు పదునూ ఉంది. 2023లో వచ్చిన మన 'కీడా కోలా' చిత్రంలో కీర్తిశేషులు బాలు గారి గొంతుని కృత్రిమ మేధతో సృష్టించారనీ, తమని అడగలేదనీ ఆయన కుమారుడు చరణ్ నోటీసులిచ్చారు. తమిళ 'లాల్ సలామ్' పాటకి ఎ.ఆర్. రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులు వాడినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. యంత్రం ఒకటే. మనిషిని అడిగామా లేదా అన్నదే తేడా.

అందుకే ఒక మాట చెబుతాను. మీ ఇంట్లో ఎవరికైనా గొంతు ఆపరేషను జరగబోతుంటే, కండరాల జబ్బు బయటపడితే, మాట ఉన్నప్పుడే కొన్ని గంటలు రికార్డు చేసి ఉంచండి. కబుర్లే కానివ్వండి, కథలే కానివ్వండి, తిట్లే కానివ్వండి! మా పెదనాన్న గొంతు మా దగ్గర లేదు. పెళ్ళి వీడియోలో "అన్నాలకి లేవండి" అన్న ఒక్క ముక్క తప్ప.

సాయం కావలసిన వాళ్ళు ముందు స్పీచ్ థెరపిస్టుని అడగండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఆలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులో 1965 నుంచీ ఉన్న అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ ఈ పని మీదే ఉన్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో మాట, భాషా వైకల్యాన్నీ చేర్చింది. రాతా, సైగా, బోర్డూ, యంత్రమూ అన్నీ మాట్లాడే పద్ధతులేనని ఆ చట్టం అంటోంది.

నాకు కాఫీ!

చట్టం సరే... మన సంగతి?

కిందటేడు పెదనాన్నని చక్రాల కుర్చీలో బెజవాడ తీసుకొచ్చి సినిమాకి వెళ్ళాం. ఇంటర్వెల్లో కాంటీన్ దగ్గర జనం తోసుకుంటున్నారు. కౌంటరు కుర్రాడు ఆయన వంక చూసి, నా వంక తిరిగి, "తాతగారికి ఏం కావాలంటండీ?" అన్నాడు.

"టీ" అన్నాను ఠక్కున.

పెదనాన్న ఫోను తీశాడు. ఒక వేలు. ఒక్కో అక్షరం. వెనకాల వాళ్ళు "కానివ్వండి సార్, బెల్లు కొట్టేస్తారు" అంటున్నారు. నాకూ చెమటలు పడుతున్నాయి. "నేను చెప్పాగా పెదనాన్నా" అనబోయి, ఎందుకో ఆ అట్టముక్క గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అర నిమిషం తరవాత హీరోయిన్ గొంతు కాంటీన్ అంతా వినపడేలా పలికింది:

"నాకు కాఫీ. టీ వాడికే ఇవ్వండి."

క్యూ మొత్తం గొల్లుమంది. వెనకాల ఎవరో ఈల కూడా వేశాడు! కౌంటరు కుర్రాడు మాత్రం నవ్వకుండా, ఈసారి నా వంక చూడకుండా, నేరుగా ఆయన్నే అడిగాడు: "చక్కెర ఎంతండీ?"

పెదనాన్న మళ్ళీ టైపు చెయ్యటం మొదలెట్టాడు. ఆ కుర్రాడు ఆగాడు. క్యూ కూడా ఆగింది.

బెల్లు కొట్టేశారు. సినిమా రెండు నిమిషాలు పోయింది. పోతే పోయింది!